కత్తిరించిన కొసలు

కౌనస్‌లో ఫిబ్రవరి. ఉదయం ఏడున్నర.
ఎముకలు కొరికే చలి అనాలి గానీ
ఎముకల పనిలో ఉన్నదాన్ని, ఆ మాట ఊరికే వాడలేను.

నడవలో పదకొండు మంది పిల్లలు, పరగడుపున.
ఒక్కరికీ జబ్బు లేదు.
జబ్బు లేకపోవడమే ఇక్కడికి చీటీ.
ఏడాదిలో చెయ్యో కాలో విరిగినవాళ్ళు వద్దు,
రోజూ మాత్రలు మింగేవాళ్ళు వద్దు.
మామూలుగా తిని, మామూలుగా అల్లరి చేసి,
ప్యాంటు మళ్ళీ పొట్టయిందని
ఇంట్లో తిట్లు తినేవాళ్ళు కావాలి.

ఇంత పొద్దున్నే ఎందుకని ఒక తల్లి విసుక్కుంది.
ఎముక రాత్రంతా తనను తాను తవ్వుకుంటుందమ్మా,
తెల్లారి ఓ ముద్ద లోపల పడితే నెమ్మదిస్తుంది.
అందరినీ ఒకే ఆకలి మీద కొలవాలి.
ఆమె తల ఊపింది. నమ్మినట్టు లేదు.

ఆరేళ్ళ యోరె ఏడవలేదు.
గొట్టంలోకి ఎక్కే ఎరుపును చూస్తూ
"ఇది నాదేనా?" అంది.
నీదే.
"మళ్ళీ ఇచ్చేస్తావా?"
ఇవ్వనన్నాను.
ఎముక లేని చెయ్యి అంటారు కదా దాతలని,
ఇక్కడ ఇస్తున్నది ఎముక ఎదుగుతున్న చెయ్యి,
నా బొటనవేలంత లావు.

మింగైలేకు పద్నాలుగు.
పోయిన వేసవి నుంచీ గోడ మీద పెన్సిల్ గీత కదల్లేదట.
మధ్యాహ్నం యంత్రమూ అదే చెప్పింది, అంకెలు మెట్లు దిగుతున్నాయని.
ఆడపిల్లలు ముందెక్కి ముందే దిగుతారు.

చివర తౌత్‌వీదస్, పదమూడు.
జాకెట్ చేతులు మణికట్టుకు బెత్తెడు పైన.
గొంతు సగం వాక్యంలో మేడ మీంచి జారిపడుతుంది.
బాస్కెట్‌బాల్ ఆడతావా అని
ఈ ఊళ్ళో ఎవరూ అడగరు, ఎన్నింటికి ఆడతావనే అడుగుతారు.
"రెండు మీటర్లు అవుతానా? రక్తంలో తెలుస్తుందటగా?"

చూడు బాబూ,
దర్జీ కొట్టు నేల ఊడ్చి
కత్తిరించిన దారపు కొసలు తూచితే
ఇవాళ ఎంత కుట్టారో చెప్పగలను.
చొక్కా ఎంత పొడవో, ఎప్పుడు ఆపుతారో
ఆ కొసలు చెప్పవు.
"అంటే కుడుతున్నారా?"
కుడుతున్నారు.
అది చాలు వాడికి.

వాడి గొట్టం దగ్గర యంత్రం చేతులెత్తేసింది,
అంకె బదులు ఓ బాణం గుర్తు వేసింది.
పదింతలు పలచన చేసి మళ్ళీ పెట్టాను.

కొత్త యంత్రం వచ్చిన రోజు
పరీక్షకని నా రక్తమే పోసి చూసుకున్నాను, యాభై మూడేళ్ళది.
నాలో కట్టడం కంటే కూల్చడం ఎక్కువైంది,
ఎవరికీ చెప్పలేదు.
తీరా చూస్తే కూల్చడంలోనూ వీడే నన్ను చాలా మించాడు.
కట్టేవాడి ఇంట్లోనే ఇటుక ముక్కలూ ఎక్కువ.

ఎయిమాంతస్ అని ఒకడుండేవాడు.
పదకొండేళ్ళు, నేను కొత్తగా చేరిన ఏడాది.
వాడి అంకె పక్కన ఎర్ర నక్షత్రం కొట్టింది నేనే,
పెద్దల పట్టీ చూసి. మాకు వేరే పట్టీ లేదు.
కాలేయం చూశారు, ఎముకలు చూశారు,
రెండు వారాలు వాళ్ళమ్మ ఈ నడవలోనే కూర్చుంది,
కోటు గుండీ ఒకటి తిప్పుతూ, తిప్పుతూ.
ఏమీ లేదు.
పిల్లాడు పెరుగుతున్నాడు, అంతే.
ఆ గుండీ చివరికి ఊడి నా బల్ల కిందకి దొర్లింది.
ఇప్పటికీ సొరుగులో ఉంది.

జబ్బు లేని పిల్లల్ని సూదితో పొడుస్తానని
మా ఆయన ఎగతాళి చేస్తే
నేను జవాబు చెప్పను.
పై అంతస్తులో ఓ డాక్టరు ఓ పాప కాగితం పట్టుకుని
ఇది ఎక్కువా, తక్కువా అని అడుగుతాడు.
ఎవరితో పోల్చి?
ఈ పదకొండు మందితో. రేపటి తొమ్మిది మందితో.

పొద్దున తౌత్‌వీదస్
మోచేతిలో దూది మడుచుకుని
చాక్లెట్ పూసిన జున్నుముక్కలు రెండు తిన్నాడు,
మూడోది జేబులో వేసుకున్నాడు.
వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర
తల కొంచెం వంచాడు.

పైన ఇంకా మూరెడు ఖాళీ ఉంది.